కాలికి కళ్ళతో కబురు

పిల్లలూ, ఇవాళ కబుర్లు మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని చేద్దాం. గోడకు తగిలించే అద్దం, కాస్త పొడవుది, అమ్మనడిగి దించుకోండి. చాప వేసుకుని కాళ్ళు బారజాపి కూర్చోండి. రెండు పిక్కల మధ్య అద్దాన్ని నిలబెట్టండి. దాని పొడవు కాళ్ళ వెంబడే ఉండాలి, మెరిసే వైపు కుడికాలికేసి తిరిగి ఉండాలి. ఎడమకాలు అద్దం వెనక దాక్కుంటుంది. పైనుంచి కనిపించకుండా దాని మీద ఒక తువ్వాలు కప్పండి. అద్దం పడకుండా అన్నయ్యనో అక్కనో పట్టుకోమనండి. ఇప్పుడు తల కొంచెం కుడికి వంచి అద్దంలోకి చూడండి. అక్కడ మీ ఎడమకాలు కనిపిస్తుంది. నిజానికి అది కుడికాలి ప్రతిబింబమే. అయినా ఎడమకాలు ఉండాల్సిన చోటే, ఉండాల్సిన తీరులోనే కనిపిస్తుంది.

రెండు పాదాలనూ కలిపి పైకి లేపుతూ, కిందికి వంచుతూ ఉండండి. నెమ్మదిగా చేయండి. చూపు అద్దం మీంచి తిప్పకండి. కాసేపయ్యాక ఎడమపాదాన్ని ఆపేసి, కుడిపాదాన్ని మాత్రం కదుపుతూ ఉండండి. అద్దంలో ఎడమకాలు ఇంకా కదులుతూనే ఉంటుంది. ఎలా ఉంది? కొందరికి ఎడమకాలు తనంతట తనే కదులుతున్నట్టుంటుంది. కొందరికి అక్కడ జివ్వుమంటుంది. కొందరికి ఏమీ అనిపించదు, అదీ మామూలే. ఇంగ్లండులోని బాత్ నగరంలో 2005లో పరిశోధకులు ఆరోగ్యంగా ఉన్నవాళ్ళనే అద్దం ముందు కూర్చోబెట్టి, అద్దంలో కనిపించే కదలికకు పొసగకుండా దాగిన చేతినీ కాలినీ కదపమన్నారు. చాలామందికి ఆ దాగిన వైపు తిమ్మిరో బరువో నొప్పో ఏదో ఒకటి తెలిసింది. ఏ జబ్బూ లేనివాళ్ళకే అలా అనిపించింది.

ఎందుకంటారా? మన చెయ్యి ఎక్కడుందో, కాలు ఎటు వంగిందో కళ్ళు మూసుకున్నా మనకు తెలుస్తుంది. కండరాల్లో, కీళ్ళలో ఉండే నాడుల కొసలు ఆ సమాచారాన్ని ఎప్పటికప్పుడు మెదడుకు చేరవేస్తుంటాయి. కళ్ళు కూడా తమకు కనిపించింది చెబుతాయి. మామూలుగా రెండు సాక్ష్యాలూ ఒకటే. అద్దం పెట్టినప్పుడు మాత్రం కాలు ‘నేను కదల్లేదు’ అంటుంది, కన్ను ‘కదిలింది, నేను చూశాను’ అంటుంది. అలాంటి తగాదా వస్తే మెదడు చాలాసార్లు కంటి వైపే మొగ్గుతుంది. ఈ మొగ్గును పట్టుకునే పక్షవాతం వచ్చిన కాలికి ఒక వైద్యం పుట్టింది. ఇవాళ్టి కబురు దాని గురించే.

ముందు పక్షవాతం సంగతి చెప్పుకోవాలి. దాన్ని సరిగ్గా అర్థం చేసుకోకపోవడం వల్ల మన ఇళ్ళలో ఎంతో విలువైన కాలం వృథాగా పోతోంది. ‘కాలూ చెయ్యీ పడిపోయాయి’ అంటాం. వినగానే కాలికీ చేతికీ ఏదో అయిందనుకుంటాం. కాలికేమీ కాలేదు. ఎముక గట్టిగానే ఉంది, కండరం ఉంది, రక్తం పారుతోంది. దెబ్బ తగిలింది మెదడుకు. మెదడులో ఒక రక్తనాళంలో గడ్డ అడ్డం పడితేనో, నాళం చిట్లితేనో, ఆ నాళం మీద బతికే నాడీకణాలు ప్రాణవాయువు అందక చనిపోతాయి. పెద్ద రక్తనాళం మూసుకుపోయి వైద్యం అందకపోతే నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు పోతాయని అమెరికా నాడీవైద్యుడు జెఫ్రీ సేవర్ 2006లో లెక్క కట్టాడు. అందుకే మూతి వంకర పోయినా, ఎత్తిన చెయ్యి వాలిపోయినా, మాట ముద్దగా వచ్చినా, తెల్లారనిద్దాం అనుకోకుండా వెంటనే 108కి ఫోన్ చేయాలి. గడ్డను కరిగించే మందు ఇవ్వగలిగేది మామూలుగా మొదటి నాలుగున్నర గంటల్లోనే. ఇది ఇంట్లో అందరికీ తెలిసి ఉండాల్సిన సంగతి.

కృష్ణా డెల్టాలో పుట్టినవాళ్ళకు శివారు చేల బాధ తెలుస్తుంది. పైన ఎక్కడో కాలువ పూడిపోతే, ఎక్కడో కిందున్న శివారు చేను ఎండిపోతుంది. ఆ చేను దున్ని ఎరువు వేసి ఎంత చాకిరీ చేసినా నీళ్ళు రావు. పూడిక తీయాలి, లేదంటే పక్క బోదె గుండా నీటికి వేరే దారి చూడాలి. పక్షవాతం వచ్చిన కాలు అలాంటి శివారు చేనే. నూనె రాసి మర్దనా చేస్తే ఆ మనిషికి హాయిగా ఉంటుంది, పక్కన ఒకరు కూర్చున్నారన్న ధైర్యమూ కలుగుతుంది. అది వద్దనను. ఆ మర్దనాతోనే కాలు వస్తుందని ఆరు నెలలు ఎదురుచూడటం చూస్తే మాత్రం నాకు మనసుకు కష్టంగా ఉంటుంది. పావురం నెత్తురు పూస్తే కాలు లేస్తుందని నోరులేని పక్షుల్ని చంపుతారే, అది మరీ కష్టం. ఆ నెత్తురు తోలు దాటి లోపలికే పోదు. ఇక మెదడుకెలా చేరుతుంది?

మెదడులో కాలికి కేటాయించిన చోటు ఎక్కడుందో తెలుసా? 1930ల్లో కెనడాలోని మాంట్రియల్‌లో వైల్డర్ పెన్‌ఫీల్డ్ అనే శస్త్రవైద్యుడు, మెలకువగా ఉన్న రోగుల మెదడు పైపొరను సన్నని విద్యుత్తుతో తాకుతూ ఏ చోటు ఏ అవయవాన్ని కదిలిస్తుందో పటం గీశాడు. ముఖం, చెయ్యి మెదడు బయటి పక్కన విశాలంగా పరుచుకుని ఉంటాయి. కాలి చోటు మాత్రం నడినెత్తి దాటి, రెండు అర్ధగోళాలూ ఎదురెదురుగా ఉండే లోపలి గోడ మీదికి దిగి ఉంటుంది. దానికి రక్తం తెచ్చే నాళం కూడా వేరు. చేతి చోటుకు రక్తమిచ్చే నాళంలోనే గడ్డలు ఎక్కువగా అడ్డుపడతాయి. అందుకే చాలామందిలో చెయ్యి కంటే కాలు కొంత మెరుగ్గా ఉంటుంది, ముందుగా కోలుకుంటుంది కూడా. ‘కాలు వచ్చింది కానీ చెయ్యి రాలేదు’ అని ఊళ్ళలో అనడం వినే ఉంటారు.

కాలు వచ్చిందంటాం కానీ, పాదం పూర్తిగా వచ్చిందా అన్నది చూడాలి. నడిచేటప్పుడు వెనక కాలు ముందుకు ఊగుతుంది చూడండి, ఆ క్షణంలో బొటనవేలికీ నేలకూ మధ్య ఉండే ఖాళీ సెంటీమీటరు, సెంటీమీటరున్నర. అంతే! ఆ కాస్త ఎత్తు కోసం మోకాలు మడవాలి, పాదం ముందు భాగం పైకి లేవాలి. పాదాన్ని లేపే ముఖ్యమైన కండరం ముంగాలి ఎముక పక్కన ఉంటుంది. మడమ నేలకు ఆనించి ముందుపాదం లేపుతూ అక్కడ వేలు పెట్టి చూడండి, గట్టిపడటం తెలుస్తుంది. పక్షవాతంలో ఈ కండరానికి మెదడు మాట అందదు. పాదం కిందికి వేలాడుతుంది, బొటనవేలు నేలకు గీసుకుంటుంది. గడప, చాప అంచు, బాత్‌రూం మెట్టు, అన్నీ ప్రమాదమే. పాదం లేవదు గనక మనిషి తుంటిని ఎత్తి, కాలిని పక్కనుంచి అర్ధచంద్రంలా తిప్పి ముందుకు వేస్తాడు. వీధిలో అలా నడిచే పెద్దవాళ్ళను మీరు చూసే ఉంటారు. అలా నడవడానికి మామూలు నడక కంటే ఎక్కువ శక్తి ఖర్చవుతుంది. నాలుగు ఇళ్ళు దాటేసరికి ఆయాసం వస్తుంది, అందుకే వాళ్ళు మెల్లమెల్లగా బయటికి రావడం తగ్గించేస్తారు. ఒక్క పాదం లేవకపోతే మనిషి లోకం అంత చిన్నదైపోతుంది. అద్దం వైద్యంలో పాదాన్ని పైకి లేపే కదలికకు అంత ప్రాముఖ్యం ఉండటానికి కారణం ఇదే.

ఇప్పుడు అద్దం కథకు వద్దాం. దీన్ని కనిపెట్టినాయన విళయనూర్ ఎస్. రామచంద్రన్. 1951లో తమిళనాడులో పుట్టారు, మద్రాసు స్టాన్లీ వైద్యకళాశాలలో చదివారు, కేంబ్రిడ్జిలో పరిశోధన చేసి అమెరికాలో శాన్‌డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో స్థిరపడ్డారు. మనకూ ఒక చుట్టరికం ఉందండోయ్. ఆయన తాతగారు అల్లాడి కృష్ణస్వామి అయ్యర్, మన రాజ్యాంగ ముసాయిదా సంఘంలో సభ్యులు. ఆ అల్లాడివారు పుట్టింది నెల్లూరు జిల్లాలో.

రామచంద్రన్ మొదట అద్దం పెట్టింది పక్షవాతం వాళ్ళకు కాదు, చెయ్యి తీసేసిన వాళ్ళకు. అవయవం పోయాక కూడా అది ఉన్నట్టే అనిపించడం చాలామందికి ఉంటుంది. అమెరికా అంతర్యుద్ధంలో కాళ్ళూ చేతులూ పోయిన సైనికులకు వైద్యం చేసిన వైర్ మిచెల్ దీని గురించి 1871లోనే రాశాడు. కొందరికి లేని ఆ చెయ్యి బిగించిన పిడికిలిలా అనిపిస్తుంది. లేని గోళ్ళు లేని అరచేతిలో గుచ్చుకుని నొప్పి పుడుతుంది. విప్పుదామంటే విప్పడానికి చెయ్యే లేదు. రామచంద్రన్ ఒక పెట్టెలో అద్దం నిలబెట్టి, ఉన్న చేతిని అద్దం ఎదుట పెట్టించి, పిడికిలి బిగించి విప్పమన్నారు. అద్దంలో పోయిన చెయ్యి విప్పుకుంటున్నట్టు కనబడింది. కొందరికి ఆ లేని పిడికిలి కూడా విడిపోయింది, నొప్పి తగ్గింది. 1990ల మధ్యలో ఆయన, సతీమణి డయాన్ రోజర్స్-రామచంద్రన్ కలిసి ఈ సంగతులు ప్రచురించారు. ఒక అద్దం ముక్కతో! నాకు ఆ ప్రయోగం ఎప్పుడు తలుచుకున్నా గొప్ప సంతోషంగా ఉంటుంది. ఖరీదైన యంత్రాలేవీ లేకుండా, ఇంటింటా ఉండే వస్తువుతో మెదడును ప్రశ్న అడగడం ఎంత అందమైన పని!

కాలు పోయిన వాళ్ళ మీద కూడా దీన్ని పరీక్షించారు. వాషింగ్టన్‌లోని వాల్టర్ రీడ్ సైనిక వైద్యశాలలో 2007లో, కాలో పాదమో తీసేసిన వాళ్ళలో కొందరికి అద్దం ఇచ్చారు. కొందరికి గుడ్డ కప్పిన అద్దం ఇచ్చారు. ఇంకొందరిని కళ్ళు మూసుకుని ఊహించుకోమన్నారు. రోజూ 15 నిమిషాలు, నాలుగు వారాలు. అద్దం చూసిన ఆరుగురికీ నొప్పి తగ్గింది. గుడ్డ కప్పిన అద్దం వాళ్ళలో ఒక్కరికే తగ్గింది. ఈ వైద్యాన్ని నమ్మి, తన కాలు పోయిన బాధను దీనితోనే తగ్గించుకున్న స్టీఫెన్ సమ్నర్ అనే కెనడా ఆయన, సైకిల్ మీద అద్దాలు కట్టుకుని కంబోడియా పల్లెల్లో మందుపాతరలకు కాళ్ళు పోగొట్టుకున్న వాళ్ళ దగ్గరికి తిరిగి పంచిపెట్టాడు. తనకే ఒక కాలు లేకపోయినా సైకిల్ తొక్కుతూ! ఇలాంటి మనుషుల్ని తలుచుకోవాలి పిల్లలూ.

మరి పక్షవాతానికి ఎలా వచ్చింది? రామచంద్రన్‌కు ఒక ఆలోచన తట్టింది. పక్షవాతం వచ్చిన కొత్తలో చనిపోయిన కణాలు కొన్నైతే, వాపు వల్ల మూగబోయినవి మరికొన్ని. ఆ రోజుల్లో మెదడు కాలిని లేవమంటుంది, కాలు లేవదు. లేవలేదని కన్ను చెబుతుంది, కీలు చెబుతుంది. రోజుకు కొన్ని వందలసార్లు ఇదే. చివరికి మెదడు ‘ఇది లేవదు’ అని నేర్చేసుకుంటుంది. వాపు తగ్గి కొన్ని దారులు తెరుచుకున్నాక కూడా ఆ నేర్చుకున్న ఓటమి మిగిలిపోతుందేమో అని ఆయన ఊహ. ఎడ్వర్డ్ టాబ్ అనే శాస్త్రవేత్త కోతుల మీద చేసిన ప్రయోగాల్లోనూ ఇలాంటిదే తేలింది. వాడకుండా వదిలేసిన చేతిని వాడకపోవడమే అలవాటైపోతుంది. అలాంటప్పుడు, కాలు లేస్తోందని కన్ను ఒక్కసారి చెబితే?

1999లో శాన్‌డియాగో బృందం లాన్సెట్ అనే వైద్య పత్రికలో మొదటి ఫలితాలు రాసింది. తొమ్మిదిమంది రోగులు, అందరికీ చెయ్యే సమస్య. నాలుగు వారాలు అద్దంతో, నాలుగు వారాలు అద్దం స్థానంలో అవతలి చెయ్యి కనిపించే ప్లాస్టిక్ పలకతో సాధన చేశారు. ఎవరు ఎప్పుడు దేనితో చేశారో తెలియని వైద్యులు వీడియోలు చూసి మార్కులు వేశారు. అద్దం వారాల్లోనే మెరుగుదల ఎక్కువ కనిపించింది. తొమ్మిదిమంది చాలా తక్కువే, కానీ దారి తెరుచుకుంది.

కాలి మీద అసలైన పరీక్ష టర్కీ రాజధాని అంకారాలో జరిగింది. 2007లో ఫలితాలు ప్రచురించారు. పక్షవాతం వచ్చి ఏడాది దాటని 40 మంది, అందరూ తమంతట తాము పాదాన్ని పైకి లేపలేనివాళ్ళే. అందరికీ మామూలు ఫిజియోథెరపీ ఎలాగూ ఉంది, రోజుకు కొన్ని గంటలు. దానికి తోడు రోజూ అరగంట, వారానికి ఐదు రోజులు, నాలుగు వారాలు ఈ సాధన. మంచం మీద ఆనుకుని కూర్చుంటారు. కాళ్ళ మధ్య 70 సెంటీమీటర్ల పొడవు, 40 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న అద్దం పలక. సగం మందికి మెరిసే వైపు, సగం మందికి మెరవని వైపు. మంచి పాదాన్ని పైకీ కిందికీ ఆడిస్తూ చూడటమే పని. వేగం వాళ్ళ ఇష్టం. ఆరు నెలల తర్వాత చూస్తే, ప్రతిబింబం చూసినవాళ్ళ కాలి కదలిక ఎక్కువ కోలుకుంది, స్నానం, బట్టలు, మంచం దిగడంలాంటి రోజువారీ పనులు ఎక్కువ సొంతంగా చేసుకుంటున్నారు.

ఇక్కడొక మాట దాచకుండా చెప్పాలి. అదే పరీక్షలో కాలి బిగుతులో రెండు జట్లకూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నడిచే సామర్థ్యాన్ని కొలిచే మార్కుల్లోనూ రాలేదు. మన దేశంలో మంగళూరులో ఇంకో చిన్న పరీక్ష చేసి 2013లో ప్రచురించారు. పక్షవాతం వచ్చిన తొలి రోజుల్లోనే ఉన్న 22 మంది, రెండు వారాల సాధన. అక్కడ ఫలితం తిరగబడింది. కాలి కదలిక మార్కుల్లో తేడా లేదు, ఒంటి నిలకడలోనూ లేదు, నడకలో మాత్రం అద్దం జట్టే మెరుగు. రెండు చిన్న పరీక్షలు రెండు రకాలుగా చెప్పినప్పుడు మనకు నచ్చినదాన్ని ఏరుకోకూడదు. రోగుల దశ వేరు, సాధన చేసిన కాలం వేరు, సంఖ్య తక్కువ. అద్దం ఏదో మేలు చేస్తోంది, అది నడకగా ఎంతవరకు మారుతుందన్నది మనిషిని బట్టి, మిగతా సాధనను బట్టి ఉంటుంది. ప్రపంచంలో జరిగిన పరీక్షలన్నీ జల్లెడ పట్టే కాక్రేన్ సంస్థ 2018లో 62 పరీక్షలు, 1982 మంది రోగుల ఫలితాలు కలిపి చూసింది. కదలికలో, రోజువారీ పనుల్లో అద్దం మేలు చేస్తుందని మధ్యరకం గట్టితనమున్న ఆధారం దొరికింది. అందులో ఎక్కువ పరీక్షలు చేతి మీద చేసినవే.

కాలి మీద ఎందుకు తక్కువ? గ్లాసు అందుకునేటప్పుడు చేతిని చూస్తాం, నడిచేటప్పుడు కాళ్ళను చూడం. నడక లయలో వెన్నుపాములోని నాడులకూ పాలుంటుంది. కనుక కంటి దారిన వెళ్ళే వైద్యం చేతికి అందినంత సులువుగా కాలికి అందకపోవచ్చని నా అభిప్రాయం. అయినా కాలిని వదిలేయడానికి నాకు మనసొప్పదు. అసలు పాదాన్ని కొంచెం కూడా కదపలేనివాళ్ళకు మిగతా వ్యాయామాలన్నీ ఇంకొకరు పట్టుకుని చేయించాల్సినవే. ‘మీరు చేయండి’ అని వాళ్ళకు ఇవ్వగలిగినవి అతి తక్కువ. వాటిలో అద్దం ఒకటి. అంకారాలో ఎంచుకున్నది సరిగ్గా అలాంటి వాళ్ళనే.

లోపల ఏం జరుగుతుందన్నది పూర్తిగా తేలలేదు. ఇంకొకరి కదలిక చూసినప్పుడు, ఆ కదలిక మనమే చేసినప్పుడు రెండు సందర్భాల్లోనూ ఉత్తేజం పొందే నాడీకణాలను 1990ల్లో ఇటలీలోని పార్మాలో రిజ్జొలాట్టి బృందం కోతుల్లో కనిపెట్టింది. అద్దం అలాంటివాటినే తడుతోందని కొందరంటారు. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో 2011లో, పక్షవాతం వచ్చి చాలాకాలమైన 40 మందిలో కొందరు ఇంటి దగ్గర ఆరు వారాలు అద్దంతో చేతికి సాధన చేశారు. మెదడు ఫోటోలు తీసి చూస్తే, పని కొంత దెబ్బతిన్న అర్ధగోళం వైపు మళ్ళినట్టు కనిపించింది. చేతి కదలిక కూడా మెరుగైంది, కానీ సాధన ఆపి కొన్ని నెలలయ్యాక ఆ తేడా నిలవలేదు. నన్నడిగితే ఆ పరీక్ష మొత్తంలో మన ఇళ్ళకు అందాల్సిన సంగతి ఈ చివరిదే. మెదడు వేసుకున్న కొత్త దారి వాడుతూ ఉంటేనే ఉంటుంది.

ఇంట్లో చేయించాలంటే ఎలా అని మీ అమ్మానాన్నలు అడుగుతారు. ముందు ఫిజియోథెరపిస్టుకు చూపించాలి, మొదటి కొన్నిసార్లు వారి ఎదుటే చేయాలి. ఎందుకంటే పక్షవాతం వచ్చిన కొందరికి తమ శరీరంలో ఒక పక్కే లేనట్టుంటుంది. ఎడమవైపు పెట్టిన కంచం కనబడదు, ఎడమ చెంపన గడ్డం గీసుకోవడం మర్చిపోతారు. కొందరికి చూపు తగ్గి ఉంటుంది, కొందరికి చెప్పింది అర్థం కాదు. వాళ్ళకు అద్దం పనికొస్తుందా లేదా అన్నది వైద్యులే తేల్చాలి. ఇది కూర్చునే చేయాలి. నిలబడి చేయరాదు. పడితే తుంటి విరగొచ్చు, అప్పుడు అసలుకే మోసం. గాజు అద్దం కంటే విరగని ప్లాస్టిక్ అద్దం పలక మంచిది. కిందా పక్కలా అంచుకు చెక్క కొట్టిస్తే వడ్రంగి ఒక పూటలో చేసిస్తాడు.

మంచి కాలు అద్దంలో చెడ్డకాలిలా కనబడాలి గదా, అందుకని రెండు కాళ్ళకీ పోలిక కుదరాలి. మన ఆడవాళ్ళు మెట్టెలు తియ్యడానికి ఒప్పుకోరు, తియ్యమని బలవంతం చేయక్కర్లేదు కూడా. మెట్టెలూ పట్టీలూ రెండు పాదాలకూ ఉంటాయి, ప్రతిబింబంలో సరిగ్గా కలుస్తాయి. ఇబ్బందల్లా ఒక కాలికే కట్టిన దిష్టి నల్లతాడుతో. అది ఎదుట ఉన్న కాలికి ఉంటే, అద్దంలో ‘ఇది నా కాలు కాదు’ అని మెదడుకు ఇట్టే తెలిసిపోతుంది. ఆ అరగంట తీసి పక్కన పెట్టమనండి, మనసొప్పకపోతే దాని మీదికి సాక్సు తొడిగించి, రెండో కాలికీ అలాంటిదే తొడగండి. పంచె అయినా చీర అయినా మోకాళ్ళ దాకా రెండు వైపులా ఒకేలా పైకి మడవాలి.

మొదట పాదం పైకీ కిందికీ. అలవాటయ్యాక మడమ ఆనించి వేళ్ళు లేపడం, మడమను పరుపు మీద ముందుకీ వెనక్కీ జరపడం, కుర్చీలో కూర్చుని ఉంటే మోకాలు చాపడం, పాదం కింద బంతి పెట్టి దొర్లించడం. అద్దం వెనకున్న కాలిని కూడా అదే వేగంతో కదపడానికి ప్రయత్నించమనాలి. అది కదలకపోయినా సరే, మనసుతో ఆజ్ఞ ఇవ్వడం మానకూడదు. వెనక్కి తొంగి చూసి ‘కదిలిందా’ అని వెతుక్కోకూడదు. టీవీ ఆపేయాలి. మాటలు తగ్గించాలి. మొదట పది, పదిహేను నిమిషాలు చాలు. కొందరికి కళ్ళు తిరగొచ్చు, కడుపులో తిప్పొచ్చు, కొందరికి పోయిందనుకున్న కాలు కళ్ళముందు కదులుతుంటే ఏడుపొస్తుంది. అప్పుడు అద్దం తీసేసి, మంచినీళ్ళిచ్చి, కాసేపు పక్కన కూర్చోండి. మర్నాడు ఇంకా తక్కువసేపు పెట్టండి. అలాగే జరుగుతుంటే మానేసి ఫిజియోథెరపిస్టుకు చెప్పండి.

‘తాతయ్యా, అద్దం ఉంటే ఇక నడిపించక్కర్లేదా?’ అని అడిగింది మా మనవరాలు. అక్కర్లేకపోవడం ఏమిటమ్మడూ, నడకే అసలు. అద్దం తర్వాత అదే పూట కాసేపు లేచి నిలబడటం, పట్టుకుని అడుగులు వేయించడం జరగాలి. వేలాడే పాదానికి ప్లాస్టిక్ బద్దతో చేసే ఆసరా తొడగమని వైద్యులు చెబితే నామోషీ పడకుండా తొడగాలి. కోలుకోవడం మొదటి మూడు నెలల్లో వేగంగా ఉంటుంది. ఆ తర్వాత నెమ్మదిస్తుంది కానీ అక్కడితో ఆగిపోదు. ఏడాది దాటింది కదా అని సాధన మాన్పించకండి.

మీ ఇంట్లో తాతయ్యకో నాయనమ్మకో ఇలా చేయిస్తుంటే, లెక్క పెట్టే పని మీరు తీసుకోండి. ఒకటి అన్నప్పుడు పైకి, రెండు అన్నప్పుడు కిందికి. మీ నోటి వేగం వాళ్ళ పాదం వేగాన్ని బట్టి ఉండాలి. తొందర పెట్టవద్దు, ‘ఇంకా రాలేదా’ అనవద్దు. ఒక నోటుబుక్కులో తేదీ, ఎన్ని నిమిషాలు చేశారో, అలసట ఎలా ఉందో రాయండి. అద్దం లేకుండా చెడ్డపాదం ఎంత లేచిందో వారానికోసారి స్కేలు పెట్టి కొలిచి అదే పుస్తకంలో వేయండి. తర్వాతిసారి ఆస్పత్రికి వెళ్ళేటప్పుడు ఆ పుస్తకం సంచిలో పెట్టడం మర్చిపోకండి. మీరు రాసిన ఆ అంకెలు చూసే ఫిజియోథెరపిస్టు తర్వాత ఏ కదలిక ఇవ్వాలో నిర్ణయిస్తారు.